చెక్క పాదాలకు అతుకులు

మా మేనత్తను వీధి వీధంతా బూట్లత్త అంటుంది. ఆమెకు అసలు పేరు ఒకటి ఉందిగానీ అది జనన రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా కనబడదు. ఆ రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది కాబట్టి, కోపం వచ్చినప్పుడల్లా "ఆ పేరు నలుగురిలో చెప్పేస్తా" అని బెదిరిస్తుంటాను. "చెప్పరా, నీ బూటులో మేకు వదిలేస్తా" అంటుంది ఆమె. మా ఇద్దరికీ ఈ గొడవ అంటే ఇష్టం.

అత్త ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీ పక్కన పొట్టి బల్ల, దాని మీద తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె, సుత్తి, మైనం పట్టించిన దారపు ఉండ. మూడు గోడల నిండా అరలు, అరల నిండా చెక్క పాదాలు. ఎవరి బూటైనా ముందు చెక్క పాదం మీదే తయారవుతుంది. తోలును దాని మీద తడిపి లాగి, చుట్టూ మేకులు కొట్టి, ఆరాక కుడతారు. వీధిలో బూట్లు వేసుకునే ప్రతి మనిషికీ ఆ అరల్లో ఒక జత చెక్క పాదాలు ఉన్నాయి. వాటి అడుగున అత్త చేతి రాతతో అంకె ఉంటుంది. నాది డెబ్భై ఆరు.

ఎవరైనా వచ్చి "ఇక్కడ కాస్త నొక్కుతోందత్తా" అంటే, ఆమె వాళ్ల చెక్క పాదానికి సరిగ్గా అక్కడే చిన్న తోలు ముక్క అతికిస్తుంది. దాంతో తర్వాత కుట్టే బూటుకు అక్కడ కొంచెం చోటు వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ చెక్క పాదాలు అతుకులతో నిండిపోయాయి. అత్తకు అవి చూస్తే కాస్త చిన్నతనం. ఎందుకంటే వాళ్ల నాన్న, అంటే మా తాత, ఒక్క అతుకు కూడా వేసేవాడు కాదట. మా వాళ్లు పాత లోకం వదిలి ఈ గ్రహం మీద దిగి పన్నెండు తరాలయింది. దిగినవాళ్ల పాదాలు చూసి చెక్కిన అచ్చులే ఈ చెక్క పాదాలు. "మనిషి పాదమంటే ఇదే. అచ్చు మారదు, కాలే దారికి రావాలి" అనేవాడు తాత. అత్త కొంచెం మెత్తని మనసున్న మనిషి కాబట్టి అతుకులు వేసింది. వేసిన ప్రతిసారీ తండ్రికి తెలియకుండా తప్పు చేస్తున్నట్టే వేసింది.

ఇక్కడ నేల మనిషిని గట్టిగా లాగదు. పాత లోకంలో తొంభై కిలోలు తూగే మనిషి ఇక్కడ ముప్ఫై నాలుగు. అందుకని నడక అంటే సగం ఎగరడమే. పాదం ముందు భాగం మీదనే నేలకు దిగుతాం, వేళ్లతో నేలను పట్టుకుంటాం, మళ్లీ తోసుకుంటాం. మడమ నేలకు ఆనేది ఎక్కడైనా వరసలో నిలబడ్డప్పుడే. సాయంత్రమయ్యేసరికి అందరికీ కాళ్లు పీకుతాయి. దీనికి మేం పెట్టుకున్న పేరు నేలనొప్పి. పనులయ్యాక వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఒక గోరువెచ్చని నీళ్ల తొట్టె, అందులో కాళ్లు, పైన కబుర్లు. పుట్టి బుద్ధెరిగాక ఇదే చూశాం కాబట్టి, కాళ్లున్నాక నొప్పి ఉంటుందనే అనుకున్నాం.

అత్త మనుషుల మొహాలు పెద్దగా చూడదు, కాళ్లు చూస్తుంది. ప్రతి కాలికీ ఒక కథ చెబుతుంది. ట్యాంకరు డ్రైవరుకు కుడి బొటనవేలు పక్కకు జరిగిందంటే, "రోజంతా బ్రేకు తొక్కుతాడు కదా పాపం" అంటుంది. బడి పెద్ద టీచరుకూ జరిగితే, "నిలబడి నిలబడి వచ్చిందది. కూర్చుంటే పిల్లలు భయపడరని ఆవిడ అనుమానం." పాటలు పాడే ఆవిడకైతే కాలితో తాళం వెయ్యడం వల్ల. నా పెళ్లికి ముందు అమ్మాయిని తీసుకెళ్లి చూపిస్తే, బొటనవేలు వంక ఒక్క చూపు చూసి, "పట్టుదల మనిషిరా. నువ్వు నోరు మూసుకుని ఉంటే సుఖపడతావు" అంది. ఆ సలహా పాటించి సుఖంగానే ఉన్నాను.

అత్త కూతురు నాకు వదిన. వదిన కూతురికి ఏడేళ్లు. ఆ పిల్లను ఇంట్లో అందరం పిడుగు అంటాం. కాలికి బలపం కట్టుకుని తిరుగుతుంది. ఉత్త కాళ్లతో ఉంటే వేళ్లతో పట్టుకుని నీళ్ల ట్యాంకు నిచ్చెన చివరిదాకా ఎక్కేస్తుంది. బూట్లు వేస్తే మాత్రం సమంగా ఉన్న నేల మీద కూడా పడిపోతుంది. ఆ నెలలో మూడుసార్లు పడింది. మూడోసారి బడి మెట్ల మీద. కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి.

బడిలో ఏటా పిల్లల కాళ్లు కొలుస్తారు. ఒక రేకు మీద పాదం ఆకారం, బొటనవేలు పక్కన ఎర్ర గీత ఉంటాయి. పిల్లను దాని మీద నిలబెడతారు. వేలు గీత దాటితే పేరు ఆసుపత్రికి వెళ్తుంది. అక్కడ వేలిని కోసి, లోపలికి తిప్పి, చిన్న మేకుతో బిగించి, రెండు నెలలు కట్టు కడతారు. మా ఊళ్లో పన్నెండు మందికొకరికి జరిగే మామూలు సంగతే. పిడుగు వేలు గీతను దాటడం కాదు, ఎగిరి అవతల పడింది. గురువారం ఆపరేషను పెట్టారు. వదిన సంతకం చేసింది. కట్టు విప్పాక తొడగడానికి ఇరుకు బూట్లు అత్తే కుట్టాలి.

అత్త కూడా అప్పటికి అడ్డు చెప్పలేదు. "డాక్టరు చూశాక మనమెంత" అంది. పిల్ల మాత్రం ఆదివారం పొద్దున బల్ల దగ్గరికొచ్చి అడిగింది.

"అమ్మమ్మా, కోసేశాక నేను ట్యాంకు ఎక్కగలనా?"

అత్త దారం కొస నోట్లో పెట్టుకుని తడపడం మొదలుపెట్టింది. పిల్ల కాసేపు చూసి, "అంటే ఎక్కలేనన్నమాట" అని బయటికి వెళ్లిపోయింది. నేను అక్కడే ఉన్నాను. నాకు చాలా బాధేసింది.

మర్నాడు నాకు సెలవు. టీ తాగుదామని వెళ్తే అత్త నా చేతికి ఒక కత్తి ఇచ్చి కూర్చోబెట్టింది. ఇరుకు బూట్లకు అతుకు లేని అచ్చు కావాలి. పిల్లల అచ్చులు ఏవి తీసినా అతుకులే. అందుకని పది జతల అతుకులు ఊడదీసి, వాటిలో పిడుగు కాలికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలని ఆమె ఆలోచన. ఆమె ఒకటి గీకుతోంది, నేను ఒకటి గీకుతున్నాను. ఎండిన జిగురు వాసనకు నాకు తుమ్ములు.

నాలుగో జత దగ్గర అత్త చెయ్యి ఆగింది.

"నీ చేతిలో ముక్క ఎక్కడినుంచి ఊడదీశావురా?"

"బొటనవేలు పక్కనుంచి."

"దానికి ముందుది?"

"అదీ అక్కడిదే. ఏం?"

"నావీ నాలుగూ అక్కడివే" అంది అత్త.

కత్తి పక్కన పెట్టి లేచింది. అరల్లోంచి పెద్దవాళ్ల అచ్చులు తీసి నాకు అందించడం మొదలుపెట్టింది. గది నేల మీద గోడ నుంచి గోడదాకా వరసలుగా పేర్చాం. నూట నలభై జతలు. టీ చల్లారిపోయింది. వేళ్లన్నీ కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. ఎండ వాలుగా పడుతోంది. ప్రతి చెక్క పాదం మీదా, బొటనవేలు పక్కన, ఒకే చోట ఒక తోలు ముక్క. పాతవాళ్లకు ఒకటి, కొత్తవాళ్లకు రెండు, పిల్లలకు మూడు. డ్రైవరుకూ, టీచరుకూ, పాటలావిడకూ, నా భార్యకూ, నాకూ.

అత్త ఆ వరసల మధ్య నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"నలభై ఏళ్లురా! ఒక్కొక్కళ్ల కాలికీ ఒక్కో కథ అల్లాను. ఒక్కడు బ్రేకు తొక్కితే వచ్చిందన్నాను, ఒకత్తె మొండితనం వల్ల అన్నాను. కథ ఒక్కటే. అందరి కాళ్లూ ఇలాగే ఉన్నాయి. ఇందులో వంకర ఎవరిదంటావ్? మా నాన్న అచ్చుదే!"

ఆ మాట అని తనే భయపడినట్టు నోటి మీద చెయ్యి వేసుకుంది. అప్పుడే వదిన వచ్చింది. ఇల్లంతా పరుచుకున్న పాదాలు చూసి, విషయం విని, తల్లి మీద విరుచుకుపడింది.

"చదువుకున్నాయన కంటే నీకు ఎక్కువ తెలుసా అమ్మా? ఈ నెల మూడుసార్లు పడింది. రేపు ఇంకా ఎత్తు నుంచి పడితే ఎవరు జవాబు చెప్తారు? నీ తోలు ముక్కలు చెప్తాయా?"

అది కోపం కాదని మా ఇద్దరికీ తెలుసు. కనుబొమ్మ కుట్లు వేస్తుంటే పిల్లను పట్టుకుని కూర్చున్నది వదినే.

"నువ్వన్నదీ నిజమేనే. రేపు డాక్టరునే అడుగుతా. ఆయన కాదంటే గురువారం నేనే దగ్గరుండి తీసుకెళ్తా" అంది అత్త.

మంగళవారం ఇద్దరం రెండు గోతాల నిండా చెక్క పాదాలు వేసుకుని ఆసుపత్రికి వెళ్లాం. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి మోత కష్టం కాదుగానీ, ఎగిరి అడుగేసినప్పుడల్లా గోతం మనకంటే ఒక క్షణం ఆలస్యంగా దిగి వీపు మీద గుద్దుతుంది. కాలి డాక్టరు నలభై ఏళ్ల మనిషి, ఎవరి మాటకూ అడ్డం రాని నెమ్మదస్తుడు. ఆయన గది గోడ మీద పాత లోకం నుంచి వచ్చిన పాదం పటం ఉంది. అత్త ఆయన బల్ల మీద ఉన్న కాగితాలన్నీ పక్కకు జరిపి అచ్చులు పేర్చింది. అంతా చెప్పింది. ఆయన ఒక్కొక్కటీ తీసి, అతుకు మీద వేలు పెట్టి చూశాడు.

"మీరు చెప్పింది వింతగానే ఉందమ్మా. కానీ ఇవి బూట్లు వేసుకున్న కాళ్లు. మీ బూట్లతో నడిచీ నడిచీ వేళ్లు ఇలా తయారయ్యాయేమో? అలాగైతే అది లోపమే, సరిచెయ్యాల్సిందే. బూటు ఎరగని పాదం చూపించండి, నమ్ముతాను."

అత్త మొహం వాడిపోయింది. నా వైపు తిరిగింది.

"బూటు ఎరగని పాదం ఎక్కడుంటుందిరా?"

నేను తల గోక్కున్నాను. పద్దెనిమిదేళ్లుగా నేను చేసే ఉద్యోగం ఏమిటంటే, పుట్టిన ప్రతి బిడ్డ పాదానికీ సిరా రాసి కాగితం మీద అద్దడం. మొదట దిగినవాళ్ల కాలం నుంచీ ఉన్న పద్ధతి. అద్దుతాను, అంకె వేస్తాను, సొరుగులో పెడతాను. ఒక్క రోజు కూడా ఆ ముద్ర వంక కళ్లు తెరిచి చూడలేదు. కాలి వేళ్లు ఐదున్నాయా లేదా అంతవరకే. నాలాంటి బుద్ధిమంతుడికి ప్రభుత్వం ఉద్యోగం ఎలా ఇచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"మా ఆఫీసులో ఉన్నాయి. పన్నెండు తరాలవి" అన్నాను.

బుధవారం మధ్యాహ్నం డాక్టరూ అత్తా మా రికార్డు గదికి వచ్చారు. వదిన కూడా వచ్చింది, చేతులు కట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. నేను ఒక్కో తరానికి పది ముద్రలు తీసి పొడుగు బల్ల మీద వరసగా పరిచాను. మొదటి తరం కాగితాలు పసుపు తిరిగి చేత్తో ముట్టుకుంటే విరిగేలా ఉన్నాయి. వాటిలో బొటనవేలు పక్క వేలికి ఆనుకుని ఉంది. నాలుగో తరంలో మధ్య ఒక సన్నని తెల్లటి గీత. ఏడో తరంలో అందులో పెన్సిలు పడుతుంది. పన్నెండో తరంలో, పుట్టి పూట గడవని పసిగుడ్డు ముద్రలో, ఆ సందులో అత్త తన చిటికెనవేలు పెట్టి చూసింది. పట్టింది.

డాక్టరు చాలాసేపు ఆ బల్ల చుట్టూ తిరిగాడు. తర్వాత నన్ను ఒక ప్రశ్న అడిగాడు. మొదటి తరాల్లో పిల్లలు ఎక్కువగా దేనివల్ల పోయేవాళ్లు?

మరణాల రిజిస్టరు కూడా నా దగ్గరే ఉంటుంది. తెరిచాను. మొదటి నాలుగు తరాల పేజీల్లో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది. జారిపడి. జారిపడి. మెట్ల మీద జారిపడి. గట్టు మీద జారిపడి. ఐదో తరం నుంచి తగ్గుతూ వచ్చి, తొమ్మిదో తరంలో పేజీకి ఒకటి కూడా లేదు. అంతమంది పసివాళ్ల పేర్లు ఒక్కసారి కళ్లపడేసరికి రిజిస్టరును డాక్టరు వైపు తిప్పేశాను.

"నేలని పట్టుకోగలిగిన పాదాలే మిగిలాయి. అవే పెరిగి పెద్దయి పిల్లల్ని కన్నాయి. బూట్లు చేసిన పని కాదిది" అన్నాడు డాక్టరు. ఆగి, తన పుట్టిన తేదీ చెప్పాడు. నేను ఆ సొరుగు లాగి ఆయన ముద్ర తీసిచ్చాను. చిన్న పాదం, దూరంగా జరిగి ఉన్న బొటనవేలు.

"నాకు ఆరేళ్లప్పుడు సరిచేశారు" అన్నాడు.

"తెలుసు బాబూ" అంది అత్త. "మీ బూట్లు కుట్టేది నేనే కదా. కుడి బూటు బయటి అంచు ఆర్నెల్లకే అరిగిపోతుంది."

"మరి ఎప్పుడూ అడగలేదే?"

"మీకూ ఒక కథ అల్లాను. రోగుల గురించి ఆలోచిస్తూ గదిలో పచార్లు చేస్తారనీ, తిరిగేటప్పుడు ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతారనీ."

డాక్టరు నవ్వాడు. కానీ ఆ కాగితం వెంటనే తిరిగివ్వలేదు.

"రేపటి ఆపరేషను ఆపుతాను" అన్నాడు చివరికి. "కానీ పిల్ల పడుతోంది, అది కూడా నిజమే. బూటు వల్లే పడుతోందంటారు కదా, పడని బూటు కుట్టి చూపించండి. నెల రోజులు. మళ్లీ పడితే మళ్లీ ఆలోచిద్దాం."

తలుపు దగ్గర వదిన చేతులు విడిపోయాయి. "నెలలో ఒక్కసారి పడినా నేనే తీసుకొస్తాను డాక్టరుగారూ" అంది, తల్లి వంక చూస్తూ.

అత్త జీవితంలో మొట్టమొదటిసారి సొంతంగా ఒక పాదం చెక్కింది. పిడుగును బల్ల మీద నిలబెట్టి, కాలి చుట్టూ గీత గీసి, నడిపించి, ఎగిరించి, తడి మట్టి మీద దిగమని ముద్ర తీసుకుంది. నాలుగు రోజులు చెక్కింది. మధ్యలో రెండుసార్లు పారేసింది. "మా నాన్న ఉంటే నా చెయ్యి విరగ్గొట్టేవాడు" అని ఒకసారి, "పోన్లే, లేడుగా" అని ఇంకోసారి. తయారైన బూటు ముందు భాగం చేటంత వెడల్పు, బొటనవేలికి విడిగా ఒక సంచి, ముందు అడుగు పలచన, మడమ దగ్గర నామమాత్రం. అంత వికారమైన వస్తువు మా వీధిలో అంతకుముందు పుట్టలేదు. చూడ్డానికి వచ్చిన ట్యాంకరు డ్రైవరు, "అత్తా, ఇది కాలికా, బియ్యం చెరగడానికా?" అన్నాడు.

పిడుగు తొడుక్కుని, అక్కడక్కడే రెండడుగులు వేసి, వేళ్లు కదిపి చూసుకుంది. తర్వాత కనబడలేదు. వీధి చివర ట్యాంకు మీద నుంచి అరుపు వినబడింది.

"అమ్మమ్మా! ఇక్కడున్నా!"

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. పిల్ల బూట్లతోనే దిగి వచ్చేదాకా వదల్లేదు. ఆ తర్వాత నెల రోజులూ ఆమె ప్రతి సాయంత్రం మోకాళ్లూ మోచేతులూ తడిమి చూసేది. ఒక్క గీరు కూడా లేదు. గడువు పూర్తయిన రోజు డాక్టరు వరండాలో నడవమంటే, పిడుగు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, మూడోసారి ఆయన మందుల బీరువా ఎక్కి కూర్చుంది. ఆయన పిల్ల పేరున్న కాగితం తీసి, లోపం అన్న గడిలో ఉన్న మాట కొట్టేశాడు. ఆ వారమే బడిలో ఎర్ర గీత రేకు కూడా తీసేశారు.

ఇప్పుడు అత్త దుకాణం ముందు పొద్దున్నే జనం. అందరికీ అందరికంటే ముందే కావాలి. మొదట వెక్కిరించిన డ్రైవరు మూడోవాడు. సాయంత్రాలు గుమ్మాల ముందు తొట్టెలు ఇంకా కనబడతాయి, కానీ చాలావాటిలో నీళ్లుండవు, కబుర్ల కోసం తెచ్చుకుని కూర్చుంటారు. డాక్టరు వేలు మళ్లీ పాత చోటికి రాదు. ఆయన కోసం అత్త వారం రోజులు కష్టపడి వేరే అచ్చు చెక్కింది. "కోసిన కాలు కూడా కాలే కదా బాబూ, దానికీ సుఖం కావాలి" అంది. అది వేసుకుని వెళ్లిన మొదటి రోజు ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి దూరపు దారిలో నడిచి వెళ్లాడట. అత్త ఆ మాట విని రెండు రోజులు పాడుకుంటూ పనిచేసింది. ఆమె గొంతు బాగుండదు, అయినా ఎవరూ ఏమీ అనలేదు.

మొన్న ఆదివారం తాతగారి అచ్చులన్నీ అతుకులు తీసి, తుడిచి, పెట్టెలో సర్దుతున్నాం. అత్త ఒక్కొక్కదాన్నీ బట్టలో చుట్టి ఇస్తోంది. పిడుగు వచ్చి మా మధ్య చతికిలబడి, ఒక చెక్క పాదం తీసుకుని తన కాలి పక్కన పెట్టి చూసుకుంది.

"ఇవి ఎవరి కాళ్లు అమ్మమ్మా?"

"మొట్టమొదట ఇక్కడ దిగినవాళ్లవే. మన పెద్దలవి."

పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పింది. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య గోరు దూర్చబోయింది. దూరలేదు. మొహం జాలిగా పెట్టింది.

"అయ్యో, వేళ్లన్నీ ఇలా అతుక్కుపోయాయేంటి? వాళ్లకి ఆపరేషను చేసేవాళ్లు ఎవరూ లేరా?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అత్త నవ్వలేదు. పిల్ల చేతిలోంచి ఆ అచ్చు తీసుకుని, దాని అడుగు భాగం అరచేత్తో మెల్లగా రాసింది.

"లేరే తల్లీ. వాళ్లు ఈ కాళ్లతోనే పడుతూ లేస్తూ మన దాకా నడిచొచ్చారు."